తప్పు పసుపు ప్యాకెట్‌ది

మార్చి 14

గది ఖాళీ చేస్తానని ఓనరమ్మకు ఇవాళ కూడా చెప్పలేకపోయాను. ఫోన్ ఎత్తడం లేదు.

పెళ్ళయి నెల దాటింది. నా బట్టలు సగం మా ఆయన క్వోతుంగ్ ఇంట్లో, సగం ఉత్తర ద్వారం వీధిలోని నా అద్దె గదిలో ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఒక్కదాన్నే ఉన్న గది, అంత తేలిగ్గా ఖాళీ అవుతుందా? క్వోతుంగ్ ఏమీ అనడు. ఇల్లు కూలిపోతున్నా "నెమ్మదిగా చూద్దాంలే" అనే రకం. అత్తగారు మాత్రం ఇవాళ సేమ్యా నానబెడుతూ నా హ్యాండ్‌బ్యాగ్ వైపు చూసి, "రెండిళ్ళ తాళాలు మోసుకు తిరుగుతున్నావు, బరువుగా లేదటమ్మాయ్?" అన్నారు. నవ్వి ఊరుకున్నాను.

క్వోతుంగ్ కూతురు యుంగ్‌జెన్ ఇవాళ నాతో అన్న మాటలన్నీ కలిపితే ఇవే. "గుడ్ మార్నింగ్ పిన్నీ." "థాంక్స్ పిన్నీ." "మీకు శ్రమ ఇచ్చాను పిన్నీ." పద్దెనిమిదేళ్ళ పిల్ల ఇంత మర్యాదగా ఉంటే భయమేస్తుంది. నేను బ్యాంకులో కౌంటర్ దగ్గర నిలబడ్డట్టు ఉంటుంది. వాళ్ళ నాన్నతో సాక్సుల గురించి కూడా గొంతు చించుకుని పోట్లాడుతుంది. వాళ్ళ నానమ్మను "ముసల్దానా" అని ఏడిపిస్తుంది. నా మీద ఒక్కసారి విసుక్కోదు. నేను గదిలోకి వస్తే కాళ్ళు కిందికి దించి సర్దుకు కూర్చుంటుంది.

నాకేం ఫర్వాలేదు. అలవాటు పడాలి కదా.

మార్చి 15

ఆదివారం. గాలి. ఈ సిన్‌చూ ఊళ్ళో గాలి లేని రోజు చెప్పు, రాస్తాను.

హాల్లో మూలన యుంగ్‌జెన్ కంప్యూటర్ ఉంది. దాని మీద ఒక సినిమా బొమ్మలు గీస్తోంది. ఎదురుగాలికి తిరగబడిన గొడుగొకటి ఊరంతా ఎగురుకుంటూ పోతుంది, ఒకావిడ దాని వెనక పరిగెడుతుంది. అంతే కథ. నాకు భలే నచ్చింది, కానీ నచ్చిందని చెబితే "థాంక్స్ పిన్నీ" అంటుంది, అందుకని చెప్పలేదు. ఈ సినిమాను ఏప్రిల్ ఆఖరికి యూనివర్సిటీ వాళ్ళకు పంపాలి. చూసి నచ్చితే యానిమేషన్ కోర్సులో సీటిస్తారు. ఈ పిల్లకు ఆ కోర్సు తప్ప ఇంకేదీ అక్కర్లేదు.

కంప్యూటర్ మాత్రం ఈడుస్తోంది. బటన్ నొక్కి స్నానానికి వెళ్ళి తల ఆరబెట్టుకుని వచ్చినా తెర మీద ఆ చక్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. "కొత్తది కొనేద్దామే" అన్నాడు క్వోతుంగ్. "వద్దు!" అని అరిచింది. అది వాళ్ళమ్మ యీఫెన్, తనూ కూర్చుని బిగించుకున్న కంప్యూటర్. పిల్లకు అప్పుడు పదకొండేళ్ళట. ఇంకో రెండేళ్ళకు యీఫెన్ పోయింది. నేను వచ్చేనాటికి ఆవిడ హాల్లో పూజబల్ల మీద ఫొటో. చక్కటి ముఖం, కొంచెం తొందర మనిషిలా ఉంటుంది. పువ్వుల నీళ్ళు నేనే మారుస్తున్నాను. ఎవరూ మార్చమనలేదు, వద్దనీ అనలేదు.

మార్చి 19

ఇవాళ చాలా సంతోషంగా ఉంది, వరసగా రాస్తాను.

కంప్యూటర్ మార్చొద్దంది గానీ ర్యామ్ పెంచొద్దనలేదు కదా. మా పళ్ళ ల్యాబ్ యజమాని ఫాంగ్ అన్నే చెప్పాడు, అందులో ఒక ర్యామ్ ముక్కే ఉండి ఉంటుంది, పక్క గాడి ఖాళీగా ఉంటుంది, ఇంకోటి కొని గుచ్చితే లేచి కూర్చుంటుందని. పిల్ల బడికి వెళ్ళాక మూత తీశాను. నిజమే. ఒకటి ఉంది, పక్కన ఖాళీ.

నేను పళ్ళు చేసే మనిషిని. పక్క పంటిని చూసి దానికి తోడు పన్ను తయారు చేయడమే ఇన్నేళ్ళుగా నా పని. పొడవు, అంచు, రంగు. పాత ముక్క బయటికి తీసి కొలిచాను. కింద గాటు ఎక్కడుందో చూశాను. రంగు చూశాను, ముదురాకుపచ్చ. దాని మీద స్టిక్కర్ అరిగిపోయింది, మూలన ఎవరో నల్ల పెన్నుతో చిన్న టిక్కు పెట్టారు.

కంప్యూటర్ కొట్లో అతను, "అక్కా, పాతదాని మీద నంబరేం రాసుంది?" అన్నాడు. నంబరెందుకు, కొలతలున్నాయి, రంగు కూడా చెబుతానన్నాను. నన్ను అదోలా చూశాడు. "పడుతుంది లెండి. కానీ ఇది బాగా వేగం ముక్క. పెట్టాక సెట్టింగుల నీలం తెర వస్తుంది, అందులో ఈ ఒక్కటీ ఆన్ చేయండి, లేకపోతే కొన్న వేగమంతా దండగ" అని కాగితం మీద రాసిచ్చాడు. ఇంటికొచ్చి గుచ్చాను. టక్కుమంది. మా పంటి క్యాప్ సరిగ్గా కూర్చున్నప్పుడు చేతికి తెలుస్తుందే, అలా తెలిసింది. చెప్పినట్టే ఆన్ చేశాను.

ఒక్కటే పొరపాటు. కంప్యూటర్ నెత్తిన ఎప్పుడూ ఉండే ఆకుపచ్చ చిరుతిండి ప్యాకెట్ నేల మీద పెట్టి మర్చిపోయి మడమతో తొక్కాను. లోపలి కొబ్బరి బుడగలన్నీ పిండి అయిపోయాయి. యుంగ్‌జెన్ గడువు తేదీ దాటకముందే మార్చేస్తుంది, ఎప్పుడూ కొత్తదే ఉంటుంది, మీద "బుద్ధిగా ఉండు" అని రాస్తుంది. మా ల్యాబ్‌లో పళ్ళు కాల్చే కొలిమి మీదా ఒకటుంది. అది నెత్తినుంటే యంత్రం మొరాయించదని నమ్మకం, ఈ ఊళ్ళో అది లేకుండా యంత్రాన్ని ఎవరు నడుపుతారు? వెంటనే క్వోతుంగ్‌కి ఫోన్ చేసి వచ్చేటప్పుడు కొత్తది తెమ్మన్నాను. పసుపుది తెచ్చాడు.

"ఇదేంటి?"

"పచ్చవి అయిపోయాయట. ఇది కూర మసాలా రుచి. అదే కంపెనీ, అదే బుడగలు. కంప్యూటరేమైనా నోట్లో వేసుకు చూస్తుందా?"

సరే, ఈ పూటకు పెట్టాం. పిల్ల వచ్చింది. తను గీసింది తెరిచింది, నొక్కింది, స్నానానికి లేవబోయింది, లేవకుండానే అయిపోయింది. కనుబొమలు పైకి లేచాయి. ఒకసారి కంప్యూటర్ని, ఒకసారి నన్ను చూసింది.

"మీరేనా?"

"చిన్న ముక్క ఒకటి పెట్టాను, అంతే."

ఒక్క క్షణం ముఖంలో ఏదో వచ్చి పోయింది. "పాతది..." అంది.

"అది అలాగే ఉంది. పక్కనే."

"థాంక్స్ పిన్నీ. మీకు చాలా శ్రమ ఇచ్చాను."

"చాలా" అనే మాట కొత్తది. నెలలో మొదటిసారి.

మార్చి 22

గొడుగు రైలు స్టేషన్ గడియారం మీద వాలే చోట కంప్యూటర్ ఆగిపోయింది. నీలం తెర, తెల్ల అక్షరాలు, ఏడుపుముఖం బొమ్మ. మళ్ళీ వేస్తే మామూలుగా వచ్చింది.

మార్చి 23

మళ్ళీ ఆగింది. రెండుసార్లు.

అత్తగారు కళ్ళద్దాలు పెట్టుకుని దగ్గరికొచ్చి మొదట ప్యాకెట్‌నే చూశారు. "ఎవర్రా దీని నెత్తిన పసుపుది పెట్టింది?"

"నేనేనమ్మా" అన్నాడు క్వోతుంగ్.

"పచ్చ దీపమంటే పద పద. పసుపు దీపమంటే ఆగు ఆగు. రోడ్డు మీద స్కూటర్ నడిపే ప్రతివాడికీ తెలుసు. యాభై ఏళ్ళొచ్చాయి నీకు."

"అమ్మా, నలభై తొమ్మిది."

"అదొక్కటే మిగిలింది తెలివితేటల్లో."

యుంగ్‌జెన్ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. అవును, ప్యాకెట్ పెట్టాకే కదా మొదలైంది. పసుపు ప్యాకెట్ వల్లే.

ర్యామ్ కూడా ఆ రోజే పెట్టాను, అది వేరే సంగతి.

మార్చి 26

పచ్చ ప్యాకెట్లు ఊళ్ళో ఎక్కడా లేవు. మార్చి ఆఖరు, ఫ్యాక్టరీలన్నీ కొత్తవి మార్చుకునే రోజులు. స్టేషన్ దగ్గరి కొట్లో అమ్మాయి, "సైన్స్ పార్క్ ఫ్యాక్టరీలవాళ్ళు పెట్టెలకు పెట్టెలే ఎత్తుకుపోయారక్కా" అంది. గాలిలో సైకిల్ తొక్కుకుంటూ నాలుగు వీధులు తిరిగాను. స్ట్రాబెర్రీ గులాబీవి దొరికాయి. గులాబీ సంగతి ఎవరికీ తెలియదు, ప్రయోగాలు చేసే ధైర్యం లేదు.

ఓనరమ్మ ఫోన్ ఎత్తలేదు.

మార్చి 27

ల్యాబ్‌లో కొలిమి మీది ప్యాకెట్ తీసుకొచ్చేశాను. ఫాంగ్ అన్నకు చెప్పలేదు. పసుపుదాన్ని అత్తగారు తినేశారు. ఇప్పుడు అంతా సర్దుకుంటుంది.

మార్చి 28

సర్దుకుంది. పొద్దున్నుంచీ ఒక్కసారి కూడా ఆగలేదు. చూశారా!

ఎవరిని అడుగుతున్నానో.

మార్చి 30

ఆగింది. ఈసారి ఊరికే ఆగలేదు. మళ్ళీ వేశాక గొడుగు వంతెన దాటే భాగం తెరుచుకోలేదు. రెండు రోజులు కూర్చుని గీసింది. తెరిస్తే బూడిదరంగు గళ్ళు వచ్చాయి.

యుంగ్‌జెన్ కుర్చీలో అలాగే కూర్చుంది. ఏడవలేదు. నేను వెనక నిలబడి ఉన్నానని తెలిసి వెనక్కి తిరిగింది. "ఫర్వాలేదు పిన్నీ, మళ్ళీ గీస్తాను." పైగా "మీరు బాధపడకండి" అని కూడా అంది. నన్ను నాలుగు తిట్టినా బావుండేది. వాళ్ళ నాన్న ఇస్త్రీ పెట్టెతో చొక్కా కాల్చినప్పుడు అరగంట తిట్టింది.

తర్వాత ప్యాకెట్ చేతిలోకి తీసుకుని చదివింది. దాని మీద నేను కొలిమి కోసం రాసుకున్న మాట ఉంది. "కొలిమీ, నా పళ్ళు పగలగొట్టకు." ఆ రాత మార్చాలని గుర్తు రాలేదు నాకు.

"ఇది మీ ల్యాబ్‌దా?"

"అవును."

"అక్కడ మరి?"

"అక్కడేం కాదులే."

దాన్ని మళ్ళీ కంప్యూటర్ నెత్తిన పెట్టింది. కొంచెం సేపటికి పళ్ళెంలో జామకాయ ముక్కలు కోసి తెచ్చి నా పక్కన పెట్టి వెళ్ళింది. రేగిపండు పొడి కూడా చల్లింది. నాకలాగే ఇష్టమని ఎవరు చెప్పారో.

మార్చి 31

కొలిమిలో రెండు ముందరి పళ్ళు చిట్లాయి. ఒక పెళ్ళికూతురివి. ఫాంగ్ అన్న కొలిమి మీద చూసి, నన్ను చూసి, "సూయిన్, ప్యాకెట్ ఏదమ్మా?" అన్నాడు. ఎలుకలు ఎత్తుకుపోయాయన్నాను. మూడో అంతస్తుకు ఎలుకలు.

ఏప్రిల్ 2

ఓనరమ్మ ఎత్తలేదు.

ఏప్రిల్ 4

రేపు చింగ్‌మింగ్, పోయినవాళ్ళను చూసొచ్చే పండుగ. అస్థికల మందిరానికి వెళ్తారు, యీఫెన్ దగ్గరికి. నేను వెళ్ళాలా వద్దా?

క్వోతుంగ్‌ని అడిగాను. "రావాలనిపిస్తే రా. వద్దనిపిస్తే వద్దు." మంచి మనిషే, కాదనను. కానీ ఇలాంటి జవాబు ఇచ్చే మనిషిని తలుపు సందులో పెట్టి నొక్కాలనిపిస్తుంది.

అత్తగారు నా కోసం కూడా తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి ఉంచారు. సరే, వెళ్తాను.

ఏప్రిల్ 5

కొండ మీద కార్లు కిక్కిరిసి ఉన్నాయి. చోటు దొరకలేదు. "మీరెళ్ళి రండి, కారు తీయమంటే తీయడానికి ఎవరో ఒకరుండాలి కదా" అన్నాను. ఎవరూ రెండోసారి రమ్మనలేదు. అలా అన్నది నేనే అయినా మనసు చివుక్కుమంది. కిటికీలోంచి చూస్తే జనం పళ్ళేలు, పువ్వులు, పళ్ళు పట్టుకుని మెట్లెక్కుతున్నారు. యీఫెన్‌కు నేనేం చెప్పాలి, వెళ్ళి ఉంటే? మీ అమ్మాయి కంప్యూటర్ పాడు చేసిన మనిషిని నేనేనండీ అనా?

కొంతసేపటికి యుంగ్‌జెన్ ఒక్కతే కిందికొచ్చి ముందు సీట్లో కూర్చుంది. చేతిలో నారింజలున్నాయి.

"అమ్మకి పెట్టినవి. తినండి పిన్నీ."

"అమ్మకి నారింజలిష్టమా?"

"అస్సలు కాదు. నానమ్మకిష్టం. అందుకే ప్రతి ఏడూ ఇవే తెస్తుంది. ఎలాగూ చివరికి తనే కదా తినేది."

ఇద్దరం నవ్వాం. తను వొలిచి తొనలు నాకిచ్చింది. అప్పుడు దానంతట అదే చెప్పడం మొదలుపెట్టింది. నేను అడగలేదు.

"మా అమ్మ ర్యామ్ ఫ్యాక్టరీలో చేసేది, తెలుసా మీకు? పరీక్ష బల్ల దగ్గర. మన కంప్యూటర్లో ఉన్న పాత ముక్క పరీక్షలో తప్పింది. వేగంగా నడిపితే తడబడుతుంది. మామూలుగా నడిపితే ఏ లోటూ లేదు. అలాంటివాటిని పక్కన పడేస్తారు. అమ్మకేమో జాలి. అడిగి ఇంటికి తెచ్చుకుని మూలన టిక్కు పెట్టింది. తన దగ్గర పాసయిందని."

"ఓహో."

"'దీన్ని తొందరపెట్టకపోతే చాలు, నిన్ను కాలేజీ దాకా తీసుకెళ్తుంది' అనేది."

ఆ సెట్టింగుల నీలం తెర. "ఈ ఒక్కటీ ఆన్ చేయండి." తొందరపెట్టింది నేను.

చెప్పాలి అనుకున్నాను. అంతలో అత్తగారు, క్వోతుంగ్ వచ్చేశారు. దారంతా యుంగ్‌జెన్ కిటికీలోంచి చూస్తూ ఏదో ఆలోచిస్తోంది. అమ్మ గుర్తొచ్చి ఉంటుంది.

ఏప్రిల్ 6

తప్పు పసుపు ప్యాకెట్‌ది కాదు. రాసేశాను, ఇక్కడైనా.

నాకు మొదట్నుంచీ తెలుసు. ర్యామ్ పెట్టాకే అని ఇరవై రెండో తేదీనే తెలుసు. క్వోతుంగ్ అమాయకంగా తిట్లు తింటుంటే నేను పక్కన నిలబడి నవ్వాను. పంటి కొలత చూశాను, రంగు చూశాను, ఆ పన్ను ఎంత నమలగలదో మాత్రం చూడలేదు. ఇప్పుడు ఆ పాత ముక్క కాలిపోతే? వాళ్ళమ్మ చేతి టిక్కు ఉన్న ముక్క. ఊళ్ళో అన్ని కొట్లు తిరిగినా అలాంటిది దొరకదు.

నాది తీసేస్తే సరి. అంతా మునుపటిలా ఉంటుంది.

ఏప్రిల్ 8

వంతెన భాగం మళ్ళీ గీస్తోంది. బడి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ బల్ల దగ్గరే ఉంది. మధ్యలో ఒకసారి ఆగింది. "ఫర్వాలేదు పిన్నీ." నేను టీ ఇచ్చి వచ్చేశాను. చెప్పలేదు.

ఏప్రిల్ 9

ఇవాళ ఒక్కసారి కూడా ఆగలేదు. అదృష్టం. కానీ ఈ అదృష్టం ఎన్నాళ్ళు?

సాయంత్రం వంటింట్లోకొచ్చి తలుపు దగ్గర నిలబడి "పిన్నీ..." అంది. నా చేతినిండా చేప పొలుసులు. నాకు భయమేసింది. అడిగేస్తుందనుకున్నాను, ఆ ముక్క గురించి. "నూనె చిట్లుతుంది, దూరంగా ఉండమ్మా" అన్నాను. నూనె పొయ్యి మీద పెట్టనే లేదు. కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 10

తీసేశాను. బడికి వెళ్ళాక. కాగితంలో చుట్టి బ్యాగులో పెట్టుకున్నాను. కంప్యూటర్ వేసి చూశాను. నడుస్తోంది, మెల్లిగా, మునుపటిలా. నేను రాకముందు ఎలా ఉందో అలా.

పెద్ద ఆర్డరొచ్చింది, కొన్నాళ్ళు నా గదిలో ఉండి పని చేసుకుంటానని క్వోతుంగ్‌తో అన్నాను. "గదిలో కొలిమి లేదు కదా" అన్నాడు. మైనం పని అన్నాను. "నెమ్మదిగా చూద్దాంలే" అనలేదు ఈసారి. "తిరిగొస్తావు కదా?" అన్నాడు.

వస్తాననే అన్నాను.

గది అలాగే ఉంది. కిటికీ సందులోంచి గాలి అలాగే ఊళ వేస్తోంది. ఒకప్పుడు ఈ చప్పుడు వినబడేది కాదు నాకు. ఇక్కడ ఎవరూ మర్యాదగా గుడ్ మార్నింగ్ చెప్పరు. హాయిగా ఉంది.

హాయిగా లేదు.

ఏప్రిల్ 11

శనివారం. ఏడుపొస్తోంది, నవ్వొస్తోంది, చేతులు ఇంకా చల్లగా ఉన్నాయి. రాస్తాను.

పొద్దున మొహం కడుక్కుంటుంటే తలుపు దబదబా బాదారు. ఓనరమ్మేమో అనుకుని తీశాను. యుంగ్‌జెన్. నెత్తిన హెల్మెట్, గాలికి జుట్టంతా మొహం మీద ఉంది. గుడ్ మార్నింగ్ లేదు.

"ఏదది?"

"ఏది?"

"ముక్క! ఎక్కడ పెట్టావ్? నిన్న సాయంత్రం కూర్చుంటే కంప్యూటర్ నత్తలా పాకుతోంది. మూత తీస్తే గాడి ఖాళీ. ఎవరు తీయమన్నారు నిన్ను?"

"అది మీ అమ్మ ముక్కని పాడు చేస్తోందమ్మా. నేనే ఆ సెట్టింగ్ ఆన్ చేశాను. ప్యాకెట్ వల్ల కాదు. మీ నాన్న తప్పేం లేదు. నేనే..."

"తెలుసు!"

"తెలుసా?"

"కొండ మీద కార్లో నీకు చెబుతుంటేనే నాకూ వెలిగింది. బుధవారం రాత్రి కూర్చుని సరిచేశాను. కొత్తదాన్ని కూడా పాతదాని వేగానికే దించాను. రెండూ భేషుగ్గా నడిచాయి. గురువారం ఒక్కసారి ఆగలేదు. అది చెబుదామని వంటింట్లోకి వస్తే నూనె చిట్లుతుందన్నావ్. స్టవ్వే వెలిగించలేదు!"

"అంత వేగం ముక్కని మెల్లిగా నడిపితే దండగ కదా" అన్నాను. ఏదో ఒకటి అనాలని.

"దండగేంటి? అమ్మది ఒక్కటే ఉంటే చోటు చాలడం లేదు. నీది వేగం తగ్గినా చోటుంటుంది కదా. నాకు కావలసింది చోటు. ఎంత గీసినా పడుతోంది. పెట్టేటప్పుడూ అడగవు, తీసేటప్పుడూ అడగవు. మా ఇల్లేమన్నా నీ ల్యాబా? నీ ఇష్టమొచ్చిన పన్ను పెట్టి, ఇష్టమొచ్చిన పన్ను పీకడానికి?"

మెట్ల మీద పక్కింటాయన తొంగి చూశాడు. ఆయన ముందే ఇంకా గట్టిగా అరిచింది. "నానమ్మ పొద్దుట్నుంచీ తినలేదు. పసుపు ప్యాకెట్ తిన్నందుకు నీకు కోపమొచ్చిందని ఏడుస్తోంది. నాన్న నీ చెప్పులు తుడిచి తుడిచి గుమ్మంలో పెడుతున్నాడు. చెప్పుల్ని ఎవరైనా అన్నిసార్లు తుడుస్తారా? పద!"

నాకు ఏడుపొచ్చేసింది. ఇన్నాళ్ళూ ఈ అరుపు కోసమే ఎదురు చూశానని అప్పుడు తెలిసింది. ఏడుస్తుంటే అది కంగారుపడి, "సరే సరే, అరవనులే పిన్నీ" అంది.

"అరిచెయ్" అన్నాను. "ఫర్వాలేదు, అరిచెయ్."

"పిచ్చా నీకు?" అంది.

స్కూటర్ వెనక కూర్చుని దాని నడుము పట్టుకున్నాను. సముద్రం వైపు నుంచి గాలి మమ్మల్ని పక్కకు తోస్తుంటే "గట్టిగా పట్టుకో, గొడుగులా ఎగిరిపోతావ్" అని అరిచింది. ముక్క నా కోటు జేబులో ఉంది. ఇంట్లో అదే గుచ్చింది, నన్ను టార్చి పట్టుకోమంది. పాతదాని మూలన టిక్కు కనబడింది. నాదానికి టిక్కు లేదు.

"దీనిక్కూడా పెట్టు" అని నల్ల పెన్ను నా చేతికిచ్చింది.

"నేనా?"

"కొన్నది నువ్వేగా."

పెట్టాను. కొంచెం వంకరగా వచ్చింది. అత్తగారు అప్పటికే సేమ్యా వడ్డించేశారు.

ఏప్రిల్ 12

కంప్యూటర్ ఆగలేదు.

ఏప్రిల్ 14

ఆగలేదు. సాక్సులు సోఫా మీద పడేసినందుకు యుంగ్‌జెన్‌ని తిట్టాను. "అబ్బా పిన్నీ!" అని తలుపు దభాలున వేసుకుంది. నాకెంత బాగుందో ఎవరికీ చెప్పలేను.

ఏప్రిల్ 27

సినిమా పంపేశాం. ముందు హాల్లో అందరం కూర్చుని చూశాం. గొడుగు వెనక పరిగెత్తే ఆవిడ యీఫెన్ అని నేను మొదట్నుంచీ అనుకుంటూ ఉన్నాను. ముక్కు చూస్తే నానమ్మ ముక్కు. "నేనంత లావుగా ఉంటానా?" అని అత్తగారు ఒకటే గొడవ. వంతెన మీద గొడుగు ఆగినప్పుడు మాత్రం క్వోతుంగ్ పూజబల్ల వైపు ఒకసారి చూశాడు. నేనూ చూశాను. నీళ్ళు ఇవాళ మార్చాను, పువ్వులు బాగున్నాయి.

సీటొస్తుందో రాదో వచ్చే నెల చెబుతారు. వస్తుంది.

ఏప్రిల్ 28

ఫాంగ్ అన్న పిలిచాడు. "సూయిన్, కొలిమి మీద ఇదెవరు పెట్టారు? ఈ చేతిరాత నీది కాదే."

వెళ్ళి చూశాను. పచ్చ ప్యాకెట్. కొత్తది, గడువు ఇంకా చాలా ఉంది. ఎప్పుడొచ్చి పెట్టి వెళ్ళిందో, బడికి వెళ్ళే దారి కూడా కాదు ఇది. మీద లావు పెన్నుతో రాసింది. "మా పిన్ని చేసే పళ్ళు పగలకూడదు. బుద్ధిగా ఉండు. లేకపోతే నేనొచ్చి అరుస్తాను."

ఫాంగ్ అన్న కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఎలుకలకు చేతిరాత బాగుందే" అన్నాడు.

కిందికి దిగి వీధి చివర నిలబడి ఓనరమ్మకు ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"సూయిన్! పెళ్ళయ్యాక అసలు మర్చేపోయావు కదే నన్ను. ఒక్క ఫోనైనా చేశావా?"

"చేశాను కదమ్మా, మీరే ఎత్తలేదు."

"ఎత్తకపోవడమేంటి, ఫోన్ ఎప్పుడూ నా ఒళ్ళోనే ఉంటుంది. నీ మిస్డ్ కాల్ ఒక్కటి లేదు ఇందులో."

నిజమే. ఎత్తడం లేదని ఇక్కడ రాసుకోవడమే గానీ, ఒక్కసారి కూడా చేయలేదు.

ఆదివారం వచ్చి తాళం ఇచ్చేస్తానని చెప్పాను.